ఆ నది ఒడ్డున ఎవరు ముందు

రెండు వేల నాలుగులో, కాడుగోడి బస్సులో నా పక్కన బెంగళూరులోనే పుట్టి పెరిగిన ఒక తెలుగు రైతు కూర్చున్నాడు. ఉడికించిన శనక్కాయల పొట్లం మా ఇద్దరి మధ్యా విప్పి పెట్టి, ముందు సీట్లోని సోమాలియా విద్యార్థులిద్దరికీ తలా గుప్పెడు ఇచ్చాడు. వాళ్లు అన్నదమ్ములా అని నాచేత అడిగించాడు.

పొడుగాటివాడు నవ్వి, "మేం ఒంటెలు కాసేవాళ్లం. వీడివాళ్లు నది ఒడ్డున మట్టి తవ్వుకుంటారు. వీడి తాతల్ని బానిసలుగా తెచ్చారు" అన్నాడు ఇంగ్లీషులో. చదువుకి ఇంత దూరం వస్తూ ఆ గొప్ప మాత్రం మరిచిపోకుండా తెచ్చుకున్నాడు.

రెండోవాడు కాయలు వలుస్తూనే, "కొందరిని సముద్రం మీద తెచ్చిన మాట నిజం. మావాళ్లు మాత్రం వీళ్ల ఒంటెలు రాకముందే అక్కడ జొన్న పండించారు" అన్నాడు.

ఇది తెలుగులో చెప్పేసరికి రైతుకి మండిపోయింది. "సేద్యం చేసేటోడు తక్కువంటనా? తినేది వాళ్లు పండించిందే కదప్పా. ఎట్లాంటి మనుసులుండారో సూడు" అని చాలాసేపు చీదరించుకున్నాడు. అదంతా అయ్యాక తీరిగ్గా నావైపు తిరిగి, "అది సరే, మీరు ఏ కులమోల్లప్పా?" అన్నాడు.

మాది మాలపల్లె అన్నాను. తరతరాలుగా మేమూ మట్టే తవ్వాం, పరాయి పొలాల్లో.

ఆయన పొట్లం మడిచి సంచిలో పెట్టుకున్నాడు.