వారం కసరత్తు ఒక్క దినంలో

"వారం దినాల కసరత్తంతా ఈపొద్దే చేసేస్తానక్కా. ఒక పని అయిపోతాది."

"కసరత్తేమన్నా రాగిపిండా, ఒకేసారి ఆడించి డబ్బాకు పోసుకునేదానికి? ఆపు."

బాగేపల్లి ఇంటి వసారాలో నా తోడికోడలికీ నాకూ జరిగిన గొడవ ఇది. ఆమెకు ఒళ్ళంతా నొప్పులు, నెలల తరబడి నిద్ర లేదు. ఫైబ్రోమయాల్జియా అని, రోజూ కాసేపు నడిచి, కాళ్ళూ చేతులూ మెల్లగా సాగదీస్తే నిద్ర పట్టవచ్చని చింతామణిలోని డాక్టరమ్మ చెప్పింది. మెల్లగా అనేది మా తోడికోడలికి చేతకాదు. ఏ పనైనా ఒక్క ఊపున ముగించి, "ఒక పని అయిపోయె" అంటేనే ఆమెకు తృప్తి. అంతకు ముందు సోమవారం అలాగే వారానికి సరిపడా ఒళ్ళు సాగదీసి, రెండు రాత్రులు మూలుగుతూ కూర్చుంది.

"చిన్నపిల్లకు చెప్పినట్ల చెప్తాండావు గదక్కా."

"చిన్నపిల్లయితే వింటాది."

ఆ సాయంత్రం పక్కనే నిలబడి, కాసేపటికే చాలన్నాను. గొణుక్కుంటూ ఆపింది.

మరునాడు పొద్దెక్కినా ఆమె లేవలేదు. ఆవు అరుస్తోంది. లేపుదామని వెళితే, నోరు తెరుచుకుని గురక పెడుతోంది. తలుపు దగ్గరగా వేసి, పాలు నేనే పిండి తీసుకుపోయాను. అప్పటికే పాల డెయిరీ మూసేశారు. తిరిగొచ్చి పాలు కాచి తోడు పెట్టాను. ఆమె ఇంకా నిద్రపోతూనే ఉంది.