లాగ్ పుస్తకంలో ‘కట్టేయండి’

1981 వేసవిలో నన్ను విశాఖపట్నం పోర్టు దగ్గరి ఒక కర్మాగారంలో, బాయిలర్ విభాగానికి ఇన్‌స్ట్రుమెంట్ చార్జ్‌మన్‌గా వేశారు. చార్జ్‌మన్ అంటే మెకానిక్‌కు పైన, ఇంజనీరుకు కింద. తిట్లు రెండు వైపుల నుంచీ వస్తాయి. నేను చదివింది పదో తరగతి. మిగతాదంతా సెలవు రోజుల్లో గ్రంథాలయంలో కూర్చుని, నిఘంటువు పక్కన పెట్టుకుని నేర్చుకున్నదే.

బాయిలర్ డ్రమ్ములోకి నీరు వదిలే కంట్రోల్ వాల్వు ఆ నెలంతా మమ్మల్ని విసిగించింది. నీటిమట్టాన్ని బట్టి కంట్రోలర్ పంపే గాలి పైనున్న రబ్బరు పొరను నొక్కితే, దానికి తగిలించిన కాడ కదిలి వాల్వు తెరుచుకోవాలి. మా వాల్వు కాడ బిగుసుకుపోయి, ఉన్నట్టుండి గెంతేది. నీటిమట్టం ఊగేది. ఇంజనీరుగారు మాత్రం కిందికి దిగి వాల్వును చూడరు. గదిలో కూర్చుని కంట్రోలర్ మరలే తిప్పుతారు. చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది.

వాల్వును విప్పాల్సి వస్తే నీరు పంపడానికి పక్కనే మరో గొట్టం ఉంది. ఒక సాయంత్రం షిఫ్టు దిగుతూ, తర్వాతి షిఫ్టువాళ్ళ కోసం లాగ్ పుస్తకంలో రాశాను: “పక్క గొట్టం మీద నడిపించి, వాల్వు కట్టేయండి. ఉదయం విప్పి చూస్తాను.” అందరూ ‘క్లోజ్’ అని రాసేవారు. ఉన్న తెలుగు మాట వదిలి అరువు మాట ఎందుకని నా పట్టుదల.

ఉదయం వచ్చేసరికి డ్రమ్ములో నీరు మితిమీరి బాయిలర్ ఆగిపోయి ఉంది. ఇంజనీరుగారు మళ్ళీ కంట్రోలర్ ముందే ఉన్నారు. నీరు కారకుండా కాడ చుట్టూ కుక్కే ప్యాకింగ్ గురించి పుస్తకంలో చదివినదంతా ఆయనకు అరగంట చెప్పి, అప్పుడు కిందికి దిగాను. వాల్వు మూసి లేదు. సగం తెరుచుకుని ఉన్నదాన్ని అలాగే వదిలి, చేతిచక్రాన్ని ఇనుప తీగతో నాలుగు చుట్లు చుట్టి కట్టేసి ఉంది. ఎవరూ ముట్టుకోకూడనిదాన్ని తీగతో కట్టడం మా షెడ్డులో అలవాటు. ఆ సగం వాల్వు లోంచీ, పక్క గొట్టం లోంచీ రాత్రంతా నీరు పోయింది.

కట్టినవాడు రాత్రి షిఫ్టు ఆపరేటర్ అప్పలనాయుడు. ఇదేం పని అని అరిచాను.

“నువ్వే కట్టీమన్నావు కద బావా! కట్టీసినాను. ఏటి తప్పు?”

“కుళాయి కట్టేయమంటే తాడుతో కడతావా?”

“కుళాయైతే తిప్పుతాను, గేదైతే తాడేత్తాను. నెల నించి గెంతుతోంది, గెంతుతోందని నువ్వే అంతన్నావు. అన్నేసి పుస్తకాలు సదూతావు, ఇంత ముక్క తిన్నగా రాయలేవేటి?”

అప్పటికే పైన ఇంజనీరుగారు అతని మీద చార్జిషీటు రాయిస్తున్నారు: ఆదేశం పాటించలేదని. మరో రెండు వారాల్లో అతని ఉద్యోగం పర్మనెంటు కావలసి ఉంది. ఆ కాగితం వెళితే ఇక కాదు. లాగ్ పుస్తకం తీసుకెళ్ళి నా వాక్యం చూపించాను. ఆదేశం పాటించాడు, రాసినవాడిదే తప్పు అన్నాను. ఆయన రెండుసార్లు చదివి, అతని పేరు కొట్టేసి నా పేరు రాయించారు.

అప్పలనాయుడు పర్మనెంటయ్యాడు. నా తర్వాతి ప్రమోషను ఏడాది ఆలస్యమైంది. వాల్వు విప్పితే ప్యాకింగు గట్టిపడి కాడను పట్టేసి ఉంది. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు.

లోపం వచ్చినప్పుడు ముందు వాల్వు దగ్గరికి వెళ్ళి కాడ చూడాలి, తర్వాతే కంట్రోలర్, ఆ తర్వాతే పుస్తకం. రిటైరయ్యేదాకా లాగ్‌లో ‘క్లోజ్’ అనే రాశాను.