లక్కతో అతికించిన తొడుగు

నా నోట్లో రెండు వెనక పళ్లకు తొడుగులున్నాయి. పొద్దునా రాత్రీ అద్దం ముందు నిలబడి, తొడుగూ చిగురూ కలిసేచోట మెత్తటి బ్రష్‌తో నెమ్మదిగా తోముతాను. తర్వాత సన్నని దారం పళ్ల సందులోకి పోనిచ్చి అటూ ఇటూ లాగుతాను. మా ఆయన బయట నుంచి "పూజ అయిందా లేదా? హారతి ఇస్తే కండ్లకద్దుకుంట" అని ఎగతాళి చేస్తాడు. నోటి నిండా నురగతోనే ఆయనను తిడతాను. భూపాలపల్లిలో నేను పాఠాలు చెప్పే బడిలో పిల్లలందరినీ నోళ్లు తెరిపించి చూస్తాను. వాళ్లు నాకు పండ్ల టీచరని పేరు పెట్టుకున్నారు. పెట్టుకోనీ.

పంటికి తొడుగు వేయించుకుని, ఇక దానికి ఏమీ కాదని నిశ్చింతగా తిరిగేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. తొడుగు పుచ్చదు, నిజమే. దాని కిందున్న పన్ను పుచ్చుతుంది. అంచు దగ్గర ఇరుక్కున్న మెతుకు లోపలికి దారి చేసుకుంటుంది. ఈ సంగతి మా బాపుకు చెప్పిన మొదటిరోజే అర్థమైంది, మాకందరికన్నా బాగా అర్థమైంది. అయినా ఆయన దక్కలేదు. 

మాది జనగామ పక్కన పెంబర్తి. బాపు ఇత్తడి రేకు పనివాడు. రేకును లక్క దిమ్మ మీద పరిచి, ఉలీ సుత్తీ పట్టి హంసలనూ లతలనూ లేపి, గుడి తలుపులకు తొడిగేవాడు. లోపల కొయ్య, మీద ఇత్తడి. రేకు అంచులో నుంచి నీళ్లు దిగితే కొయ్య లోలోపల కుళ్లిపోతుందని, పైకి మాత్రం తలుపు మెరుస్తూనే ఉంటుందని ఆయన చెబుతుండేవాడు.

ఆ పనిలో ఒక కట్టుబాటు ఉండేది. ఒకరు తొడిగిన రేకు ఊడితే, ఆ మనిషి బతికి ఉన్నంతకాలం ఇంకొకరు దాని మీద సుత్తి వేయరు. వేస్తే, నీకు పని రాదని అతని ముఖం మీద చెప్పినట్టే. ఒకసారి నర్మెట్ట వైపు ఒక గుడి తలుపు రేకు లేచిందని ఊరివాళ్లు బాపు దగ్గరికి వచ్చారు. దాన్ని తొడిగిన ముసలాయన ఎక్కడో కూతురి ఇంట్లో ఉంటున్నాడు. బాపు ఆయనకు కబురు పెట్టి, ఆయన వచ్చేదాకా రేకు గాలికి కొట్టుకోకుండా అంచుకు కాస్త లక్క పెట్టి వచ్చాడు. ఆ ముసలాయన వచ్చి తన చేతులతోనే మేకులు కొట్టుకున్నాడు. బాపు పక్కన కూర్చుని ఒక్కొక్క మేకూ అందించాడట. ఆ సంగతి మా అవ్వ (అమ్మను మేము అట్లాగే పిలుస్తాం) ఎంతో గొప్పగా చెప్పేది.

నాకు మొదట ఉద్యోగం మహబూబాబాద్‌లో వచ్చింది. మేము మానుకోట అంటాం. బాపు నన్ను చూడటానికి వచ్చి, మటన్ బొక్క కొరికి, కింది వెనక పన్ను పగలగొట్టుకున్నాడు. అక్కడి పళ్ల డాక్టరు ఒకావిడ, కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన మనిషి. ఆమె పంటి లోపలి నరం తీసేసి, పైన లోహపు తొడుగు బిగించింది.

"పెద్దాయనా, ఈ పంటికి ఇక నొప్పి తెలియదండి. అందుకని మీరే కనిపెట్టుకుని ఉండాలి" అంది. రోజూ ఎట్లా తోముకోవాలో అద్దం పట్టి చూపించింది. "జిగురుగా ఉండేవి ఆ పక్క నమలొద్దు. ఆరునెలలకోసారి వచ్చి చూపించుకోండి. తొడుగు కదిలినా, ఊడినా సొంత వైద్యం వద్దు. వెంటనే వచ్చేయండి" అంది.

బాపు ఆమె మాటలకన్నా ఆమె చేతులనే ఎక్కువ చూశాడు. బయటికి వచ్చాక ఆయన ముఖం వెలిగిపోతోంది.

"గామెది మన పనే బిడ్డా. లోపట కొయ్య, మీద రేకు. అతుకు ఏడున్నదో నాలిక వెట్టి దేవులాడిన, దొర్కుతలేదు. చెయ్యంటె గది!"

ఊళ్లో తోటి పనివాళ్లు ఊరుకుంటారా? అప్పటికే తెలంగాణ కావాలనే మాట ప్రతి అరుగు మీదా నలుగుతోంది. "ఏందే, ఆంధ్రా డాక్టరమ్మ నీ పంటికి టోపి వెట్టిందట?" అని ఆటపట్టించేవారు. బాపు నోరు బార్లా తెరిచి చూపించి, "గిసొంటి అతుకు మీలో ఒక్కడు వెయ్యిండ్రి, సుత్తె కింద పెట్టేస్త" అనేవాడు. కోస్తావాళ్లు సినిమాల్లో మన మాటను ఎక్కిరించారని మండిపడే నాకు ఆయన ఆమెను అంతగా మెచ్చుకోవడం నచ్చేది కాదు. ఆ మాటే అంటే, "పని చేసే చేతికి గవన్ని ఉండయ్ బిడ్డా" అని నవ్వేసేవాడు.

వేపపుల్ల మానేశాడు. బ్రష్ పట్టాడు. దారం వాడటం మొదట్లో అవ్వకు వింతగా తోచి, బాపు పళ్లు కుట్టుకుంటున్నాడని వాడకట్టంతా చెప్పి వచ్చింది. కొన్నేళ్లపాటు ఆరునెలలు దాటనీయకుండా జనగామలో రైలెక్కి మానుకోటకు వచ్చేవాడు. ఒకసారి డాక్టరమ్మకు చిన్న ఇత్తడి హంసను తెచ్చి ఇచ్చాడు. ఆమె దాన్ని తన బల్ల మీద పెట్టుకుంది.

తర్వాత నాకు పెళ్లయింది. మా ఆయనకు భూపాలపల్లి బొగ్గు బాయిలో పని. నేను కూడా అక్కడికే బదిలీ చేయించుకున్నాను. బాపుకు షుగరు వచ్చింది. ఉద్యమం పెరిగే కొద్దీ ఆయనకు పని కూడా పెరిగింది. ప్రతి సభకూ జ్ఞాపికలు కావాలి, ఇత్తడి రేకు మీద కాకతీయ తోరణం కావాలి. రోజంతా లక్క దిమ్మ ముందు కూర్చుని, బెల్లం చాయలు తాగుతూ పనిచేశాడు. మానుకోట ప్రయాణం ఒకసారి పని వల్ల తప్పింది, మరోసారి రైలు రోకో వల్ల తప్పింది. ఆ తర్వాత తప్పడమే అలవాటైంది. పన్ను నొప్పి లేదు కదా.

సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు డిపోల్లోనే ఉండిపోయాయి. బడులు మూతపడ్డాయి. మా ఆయన బాయికి పోవడం మానేశాడు. ఇద్దరం రోజూ పోయి శిబిరంలో కూర్చునేవాళ్లం. అక్కడ పెంబర్తిలో బాపు రోడ్డు మీద వంటావార్పుకు పోయి అందరితో కలిసి తింటున్నాడు. ఒకరోజు ఫోన్ చేశాడు. గొంతులో ఉత్సాహం.

"బిడ్డా, పల్లిపట్టి నములుతుంటె టోపి ఊడొచ్చింది. మింగలే, నాలిక మీద వట్టుకున్న."

"జనగామల పండ్ల డాక్టర్ లేడా? పొద్దుగాల్నే పో బాపూ."

"ఎందుకు లేడు, ఉన్నడు. గాని గది గామె తొడిగిన రేకు గదా. గామె బతికుండంగ ఇంకోనితోని ముట్టిపిచ్చుకుంటె గామెకు ఎంత నామోషి!"

"నోరంటె గుడి తలుపా? గామెకు నామోషి లేదు, ఏం లేదు. డాక్టర్లకు గవి ఉండయ్" అని అరిచాను.

"నువ్వు పరేషాన్ గాకు. టోపి కడిగి, జర లక్క కరిగిచ్చి వెట్టిన. మంచిగ కూసున్నది. రైళ్లు సక్కగ నడిచినంక మానుకోట వోయి గామెతోనే వెట్టిచ్చుకుంట."

ఆ తర్వాత రోజూ ఫోన్ చేసి పోట్లాడాను. డాక్టరమ్మతో మాట్లాడించాలని చూశాను. ఆమె పిల్లలతో సొంతూరికి వెళ్లిందట, ఫోన్ కలవలేదు. అడిగినప్పుడల్లా బాపుది ఒకటే జవాబు: "నొస్తలేదు బిడ్డా." నిజమే చెప్పాడు. నరం లేని పన్ను ఏమని నొస్తుంది? లక్క కింద అది ఎప్పటి నుంచో కుళ్లుతోంది, ఆ చీము ఎముకలోకి దిగుతోంది. షుగరు ఉన్న ఒంటికి దాన్ని ఆపే బలం లేదు.

ఒక తెల్లవారుజామున అవ్వ ఏడుస్తూ ఫోన్ చేసింది. "మీ బాపు మెడ వాసింది. దవడ తెర్వరాకుంట వట్టేసింది. గుటక వడ్తలేదు. నువ్వు రాయే బిడ్డా."

మా ఆయన బండి తీశాడు. చెల్పూర్ దాటాక వాన పట్టుకుంది. దారి పొడవునా రోడ్లకు అడ్డంగా రాళ్లూ మొద్దులూ. మేము చెప్పీ చెప్పకముందే అక్కడ కూర్చున్న సమ్మెవాళ్లు మొద్దులు జరిపారు. "పోనియ్యిండ్రి, పోనియ్యిండ్రి" అని ముందు కూర్చున్నవాళ్లకు కేకలు వేశారు. నాకు సమ్మె మీద కోపం రాలేదు. నేను కూడా ఆ మొద్దుల పక్కన కూర్చున్నదాన్నే. కోపమంతా ఆ లక్క మీద, ఆ కట్టుబాటు మీద. ఎదుటివాడి చేతికి అంత మర్యాద ఇచ్చే మనిషి తన ఒంటికి మాత్రం ఎందుకు ఇవ్వలేదని దారంతా ఏడ్చాను.

మేము చేరేసరికి వాడకట్టువాళ్లు ఆయనను జనగామ దవాఖానకు తెచ్చారు. గడ్డం కింద నుంచి గొంతు దాకా రాయిలా బిగుసుకుపోయింది. నాలుక పైకి లేచి అంగిలికి తగులుతోంది. పళ్ల మధ్య వేలు పట్టేంత సందు కూడా లేదు. ఇది పంటి నుంచి దిగిన చీము, ఊపిరి దారి మూసుకుపోతోంది, వెంటనే వరంగల్ తీసుకుపొమ్మని డాక్టరు సూది వేసి అంబులెన్స్ ఎక్కించాడు. అవ్వ, నేను లోపల కూర్చున్నాం. మా ఆయన వెనక బండి మీద వస్తున్నాడు.

బాపు పడుకోలేకపోయాడు. నన్ను ఆనుకుని కూర్చుని, ప్రతి ఊపిరికీ భుజాలు ఎగరేసి లాగుతున్నాడు. మాట లేదు. నా అరచేతిలో వేలితో ఏదో గీశాడు, నాకు అర్థం కాలేదు. మళ్లీ గీశాడు. అప్పుడు అవ్వ చేతిలోని సీసా వైపు చూపించాడు. నీళ్లు. అవ్వ మూత తీసేలోపే నర్సు వద్దని చెయ్యి అడ్డం పెట్టింది, గొంతులోకి పోతే ఉన్న ఊపిరి కూడా ఆగిపోతుందని చెప్పింది. బాపు తల ఊపాడు. ఆ తర్వాత అడగలేదు.

కాజీపేట రాకముందే ఆయన ఒళ్లు నా మీద బరువైపోయింది. నర్సు చాలాసేపు ఏవేవో చేసింది. చివరికి ఆయన ముఖం మీది ఆక్సిజన్ మాస్కు తీసేసి, డ్రైవరుకు ఏదో చెప్పింది. అంబులెన్స్ రోడ్డు పక్కకు ఆగింది.

అవ్వ అప్పుడు ఏడవలేదు. సీసా మూత తీసింది. ఇప్పుడు నర్సు అడ్డం రాలేదు. ఆఖరి నీళ్లు నోట్లో పడకుండా మనిషిని పంపకూడదు. కానీ దవడ బిగుసుకునే ఉంది. అవ్వ వేళ్లతో పెదవులు విడదీసి చూసింది, పళ్లు కదల్లేదు. నా ముఖంలోకి చూసింది.

"నువ్వు చెప్పు బిడ్డా. పండ్ల సంగతి నువ్వు చెప్తేనే ఇంటడు."

"నోరు తెరువు బాపూ" అన్నాను.

అవ్వ నీళ్లు పోసింది. అవి గడ్డం మీదుగా కారి చొక్కా తడిసింది. కొంగుతో తుడిచి, మళ్లీ పోసింది.