గుట్టదోవ మీద బండలు

మాది కాకినాడ. డెబ్బైల చివర్లో, పశువులకు టీకాలు వేసే కొత్త ఉద్యోగంలో యాడికి అనే ఊరికి వెళ్లాను. నేను టీకాలు వేయాల్సిన గుట్ట అవతలి పల్లెకు రెండు దారులున్నాయి. క్వారీ కాంట్రాక్టరు గుట్ట మీది కాలిదోవకు అడ్డంగా బండలు వేయించాడని, చుట్టూ తిరిగే బండిదారే పట్టమని టీకొట్టతను చెప్పాడు. అంత ఎండలో చుట్టుదారి నడవలేక నేను గుట్టే ఎక్కాను.

సగం ఎక్కేసరికి మస్తానమ్మ అనే ముసలి మంత్రసాని, మరో ఇద్దరు ఆడవాళ్లతో కలిసి ఆ బండలను గడ్డపారతో తొలగిస్తూ కనిపించింది. ఎదురుగా క్వారీ కాపలాదారు నిలబడి ఉన్నాడు.

“మా సారు మళ్లా వేపిస్తాడు,” అన్నాడతను.

“వేపించనీప్పా. గుట్టవతల ఎవురికన్నా కాన్పునొప్పులొస్తే మీ సారు జీపు పంపిస్తాడా? ఆయప్ప మూస్తానే ఉండనీ, మేం తీస్తానే ఉంటాం.”

నేను గవర్నమెంటు మనిషినని చెప్పి పక్కనుంచి వెళ్లబోయాను.

“ఈ దోవన పోయేవాళ్లు ఎవురైనా రాయెత్తి పోవాల్సిందే. తాసీల్దారైనా అంతే,” అంటూ ఆమె గడ్డపార నా చేతిలో పెట్టింది. మా వైపు ఉద్యోగస్తుడి చేతికి ఎవరూ గడ్డపార ఇవ్వరు.

కాపలాదారు నా పేరు, ఆఫీసు అడిగాడు. ఉద్యోగం పోతుందేమోనని భయం వేసింది. అయినా రెండూ గట్టిగా చెప్పి, గడ్డపారను బండ కిందికి దూర్చాను. నలుగురం కలిసి నెడితే అది పక్కనున్న వంకలోకి దొర్లింది. కాపలాదారు గుట్ట దిగిపోయాడు.

“ఇంకా ఆరుండాయి. నీకు పొద్దు పోతాదేమో, పోతావా?” అంది మస్తానమ్మ.

టీకాల పెట్టెను నీడలో పెట్టి, చొక్కా చేతులు పైకి మడిచాను.