ఒక చేతికి కోలగోళ్ళు

గోళ్ళ పనితోనే నేను బతికాను. ఆ పనంటే నాకిష్టం. అయినా ఎవరైనా "ఇందులోకి ఎలా వచ్చారండీ" అని అడిగితే, చెప్పడం మొదలుపెట్టిన రెండో మాటకే నాకు కోపం వచ్చేస్తుంది. కోపం తగ్గించుకోమని చాలామంది చెప్పారు. వాళ్ళ మీదా కోపమే.

ఎనభైల నాటి మాట ఇది. గుంటూరులో అప్పుడప్పుడే బ్యూటీపార్లర్లు మొదలవుతున్నాయి. నేను పనిచేసింది ఒక మేడ కింది గదిలో. పొడుగాటి అద్దం, రెండు కుర్చీలు, గుమ్మానికి మందపాటి తెర. రోడ్డున పోయే మగాళ్ళు తొంగిచూడకుండా కిటికీ అద్దాలకి పాత పేపర్లు అంటించి ఉండేవి. ఓనరు మద్రాసులో కోర్సు చేసి వచ్చినావిడ. నేను మేడం అని పిలిచేదాన్ని.

మా ఊరు దర్శి దగ్గర. అమ్మ మిరప చేలల్లో కూలికి వెళ్ళేది. నాన్న మా చర్చి ఊడ్చి, గంట కొట్టేవాడు. నన్ను మిషన్ హాస్టల్లో పెట్టి చదివించారు. ఇంటర్ తప్పాక గుంటూరులో ఉన్న మా పిన్ని దగ్గరికి వచ్చాను. పార్లర్‌లో మొదట చేరింది కింద పడ్డ జుట్టు ఊడవడానికే. నా చెయ్యి నిదానమని కనిపెట్టి మేడమే నాకు గోళ్ళ పని నేర్పింది.

"గోరు మొదలు చూడు. చివర ఎలా ఉండాలో అదే చెబుతుంది" అనేది ఆవిడ. చర్మం దగ్గర గోరు ఎలా వంపు తిరిగిందో చివరా అలాగే దిద్దితే చేతికి అతికినట్టు ఉంటుంది. వెడల్పు గోళ్ళని చదరంగా కత్తిరిస్తే పొట్టి వేళ్ళు ఇంకా పొట్టిగా కనబడతాయి. అదే కోలగా దిద్దితే వేలు కాస్త సాగినట్టుంటుంది. సూదిగా చెక్కిన గోళ్ళు ఫోటోలో బాగుంటాయి గాని పక్కలు అరిగిపోయి బలం ఉండదు, తలుపు గడియ తగిలినా విరుగుతాయి. గోళ్ళు అరగదీసే ఫైలుని రంపంలా అటూ ఇటూ లాగకూడదు, పక్క నుంచి మధ్యకి ఒకే వైపు లాగాలి. ఇవన్నీ మేడం చెప్పినవి. ఒకటి మాత్రం నా అంతట నేను అలవాటు చేసుకున్నాను. ఫైలు పట్టుకునే ముందు, "ఈ చేతులతో రోజూ ఏం పని చేస్తారండీ" అని అడిగేదాన్ని. వంటా, కుట్టుమిషనా, పసిబిడ్డా. అది తెలియకుండా ఆకారం చెప్పడం నాకు చేతకాదు.

ఈ పనిలో ఇంకో సంగతి ఉంది. ఎదుటివాళ్ళ చెయ్యి మన చేతిలో ఉండాలి. గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, తుడిచి, ఒక్కో వేలూ పట్టుకుని కూర్చోవాలి. అంతసేపు చెయ్యి ఇచ్చి కూర్చున్నవాళ్ళు తెలియకుండానే మాటల్లో పడతారు. ఆడబిడ్డల సంగతులు, మొగుడి కోపాలు, అన్నీ నాకే చెప్పేవాళ్ళు. అలా నేను పట్టుకున్న చేతుల్లో చాలా చేతులు, మా ఊళ్ళో అయితే, అమ్మ చేతికి తగలకుండా కూలి డబ్బులు పైనుంచి జారవిడిచే చేతులు. ఆ సంగతి నాకు తెలుసు. వాళ్ళకి తెలియదు. నా పేరు ఎవరికైనా ఉండే పేరే, విని పట్టుకోలేరు. మేడంకి అన్నీ తెలుసు. చేర్చుకునే రోజే చెప్పింది: "ఎవరైనా అడిగితే గుంటూరే అను. అంతకన్నా పెంచకు." నేను అలాగే అంటూ వచ్చాను.

ఆ రోజు ఒక పెళ్ళికూతురు వచ్చింది. తోడు వాళ్ళ పెద్దమ్మ. పెళ్ళి ఇంకో వారంలో ఉంది. పెళ్ళికూతురు ఏదో గవర్నమెంటు ఆఫీసులో టైపిస్టు. నా కంటే నాలుగైదేళ్ళు పెద్దదేమో. పొట్టి వేళ్ళు, వెడల్పు గోళ్ళు. పెద్దమ్మ సంచిలోంచి వారపత్రిక తీసి ఒక బొమ్మ చూపించింది. బొమ్మలో అమ్మాయి గోళ్ళు సూదుల్లా ఉన్నాయి.

"ఇట్టా పెట్టమ్మాయ్. తలంబ్రాలప్పుడు ఫోటోలో చేతులే కనబడతాయి" అంది.

నేను పెళ్ళికూతుర్ని అడిగాను. "పెళ్ళయ్యాక కూడా టైపు కొడతారా అండీ?"

"సెలవు పది రోజులే. మళ్ళీ వెళ్ళాలి" అంది.

"అయితే సూదిగా వద్దండి. మీటల సందుల్లో ఇరుక్కుని విరుగుతాయి. వేలి కొన దాటి కొంచెమే ఉంచి కోలగా దిద్దుతాను. మీ వేళ్ళకి అది నప్పుతుంది. ఒక చెయ్యి చేస్తాను, చూసుకోండి. నచ్చకపోతే అప్పుడు ఆలోచిద్దాం."

పెద్దమ్మ మూతి ముడిచింది గాని కాదనలేదు. నేను కుడిచెయ్యి తీసుకున్నాను. నిదానంగా చేశాను. ఐదు వేళ్ళూ అయ్యాక ఆ అమ్మాయి చెయ్యి ఎత్తి, వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "నా చెయ్యేనా ఇది" అని నవ్వింది. నేనూ నవ్వాను. "ఆఫీసులో మా వాళ్ళకి చెబుతాను, నీ దగ్గరికే పంపిస్తాను" అంది. ఎడమచెయ్యి నీళ్ళ గిన్నెలో పెట్టింది. నాకు ఆ పూట చాలా సంతోషంగా ఉంది. ఆ సంతోషం తలుచుకుంటే ఇప్పుడు ఇంకా మండుతుంది.

పెద్దమ్మ అప్పటిదాకా నా మాటలు వింటూ కూర్చుంది. ఉన్నట్టుండి, "నీ మాట మా వైపు మాటలా ఉందే. ఏ ఊరమ్మాయ్ మీది?" అంది.

అభిమానంగానే అడిగింది. గుంటూరండీ అనాల్సింది. నోటికి రాలేదు. మా వైపు మాట అని ఆవిడ పట్టేసుకున్నాక గుంటూరు అంటే నాకే నవ్వొచ్చేలా ఉంది. ఊరి పేరు చెప్పాను.

"అరె, మా ఆడపడుచుని ఇచ్చిన ఊరేగా. ఊళ్ళోనా, పల్లెలోనా?"

మా వైపు ఈ ప్రశ్నకి ఒకటే అర్థం. ఊరంటే వాళ్ళ ఇళ్ళు. పల్లె అంటే ఊరికి ఎడంగా ఉండే మా ఇళ్ళు. కులం పేరు ఎత్తకుండా కులం అడిగే పద్ధతి. ఊళ్ళోనే అంటే ఎవరింట అని అడుగుతుంది, ఆ తర్వాత ఇంకో అబద్ధం కావాలి. అయినా నేను ఆలోచించి ఏమీ చెప్పలేదు. "పల్లెలోనండి. చర్చి పక్కనే" అన్నాను.

ఆవిడ లేచి నిలబడింది. అరవలేదు, తిట్టలేదు. "అమ్మాయీ, చెయ్యి తియ్" అంది పెళ్ళికూతురితో.

ఆ అమ్మాయి గిన్నెలోంచి చెయ్యి తీసింది. పెద్దమ్మ వైపు చూసింది. గోడ వైపు చూసింది. నా వైపు చూడలేదు. నేను టవలు పట్టుకుని ఎదురుగానే ఉన్నాను. అది తీసుకోకుండా తడిచెయ్యి తన చీరకే తుడుచుకుంది.

"మేడంగారూ," అని పిలిచింది పెద్దమ్మ. "వీళ్ళ చేత చేయిస్తున్నట్టు ముందే చెప్పాల్సింది. పెళ్ళికూతురండీ. రేపు పసుపు రాయాల్సిన చేతులు."

మేడం వచ్చింది. నా తరఫున ఒక్క మాట అంటుందని చూశాను. "తెలియలేదండీ, ఏమనుకోకండి, నేను చేస్తాను" అంది. తెలియలేదంది. గిన్నె తీసుకుని నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళు తానే పట్టుకొచ్చింది. నేను లేవబోతే చేత్తో వారించింది.

అప్పుడు నేను పెద్దమ్మతో అన్నాను. "మీ ఆడపడుచు ఇంట్లో కారానికి తొడిమలు తీసేది మా అమ్మే అయ్యుంటుందండీ. అది మాత్రం తినొచ్చా?"

"చూశారా నోరు" అని మేడంతో అంది ఆవిడ. మేడం ఎడమచెయ్యి పట్టుకుని పని మొదలుపెట్టింది. ఆవిడ చెయ్యి జుట్టు మీద బాగా ఆడుతుంది గాని గోళ్ళ పని మానేసి చాలా కాలమైంది. మొనలు చదరంగా తేలాయి. కుడిచెయ్యి నేను చేసిన కోల, ఎడమచెయ్యి చదరం. పెద్దమ్మ అది చూసి, రెండు చేతులూ కురచగా కత్తిరించెయ్యమంది. నేను దిద్దిన ఐదు గోళ్ళూ కట్టర్‌తో తీసేశారు. ఆ అమ్మాయి తలవంచుకుని చూస్తూ కూర్చుంది.

వాళ్ళు వెళ్ళాక మేడం తలుపు దగ్గరికి వేసింది. "నీకు చెప్పానా లేదా? గుంటూరు అంటే నీ సొమ్మేం పోయేది? ఆవిడ పోయి నలుగురికి చెబితే పెళ్ళిళ్ళ సీజన్ అంతా పోతుంది. కొన్నాళ్ళు గోళ్ళ పని వద్దులే. టవల్స్ ఉతుకు, వెనక ఉండు."

"ఆవిడదేం తప్పు లేదా మేడం?"

"ఉంది. తప్పున్నవాళ్ళే మనకి కస్టమర్లు. ఏం చెయ్యమంటావ్?"

ఆవిడ చెడ్డది కాదు. నాకు పని నేర్పింది ఆవిడే. అందుకే ఆ మాట నాకు పెద్దమ్మ మాట కన్నా ఎక్కువ తగిలింది. టవలు కుర్చీ మీద పెట్టి బయటికి వచ్చేశాను. మళ్ళీ వెళ్ళలేదు.

ఊరికి పోయేసరికి మిరప కల్లాల రోజులు. ఊరంతా ఎర్రగా పరిచి ఉంది, గాలి పీలిస్తే దగ్గు. అమ్మ కల్లంలో రంగు పోయిన తాలుకాయలు ఏరుతోంది. జరిగింది చెప్పాను. అమ్మ చేతులు ఆపకుండా వింది.

"ఊళ్ళోనే అంటే సరిపోయేదిగా" అంది చివరికి.

అమ్మ కూడా అదే అంది. రెండు రోజులు అమ్మతో సరిగా మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున చద్దన్నం పెడుతూ తనే అడిగింది.

"ఆ పెళ్ళికూతురు ఏమంది?"

"ఏమీ అనలేదు."

"ఏమీ అనలేదా?"

"లేదమ్మా. నా వైపు చూడను కూడా లేదు."

అమ్మ చేతిలో గరిటె గిన్నెలో విసిరింది. "ముసల్దానికి బుద్ధి లేదు, సరే. అది చదువుకుంది, ఉద్యోగం చేస్తంది, నీ చేతిలో చెయ్యి పెట్టుకుని నవ్వింది. అదేమీ అనలేదా?" అని మళ్ళీ అడిగింది. ఆ పూట కూలికి పోలేదు. పిలవడానికి వచ్చిన మేస్త్రితో గుమ్మంలో నిలబడి, "నేను రాను, చేతులు నొప్పిగా ఉన్నాయి" అంది. అమ్మకి చేతుల నొప్పి లేదు. అమ్మ పని మానేయడం నేను చూసింది అదొక్కసారే.

ఆదివారం ఆరాధన అయ్యాక మా పాస్టరు అయ్యగారు నన్ను ఆపారు. నాన్న చెప్పాడు కాబోలు. "క్షమించమ్మా. ద్వేషం మనసులో పెట్టుకోకూడదు" అన్నారు.

"ఆవిడ అడగలేదు అయ్యగారూ. అడిగినప్పుడు ఆలోచిస్తాను" అన్నాను.

నాన్న మొహం చిన్నబుచ్చుకున్నాడు. అయ్యగారి ఎదుట ఎవరైనా అలా మాట్లాడడం ఆయన ఎప్పుడూ ఎరగడు. నేను మాత్రం ఆ మాటకి ఇప్పటికీ కట్టుబడే ఉన్నాను. వాళ్ళెవరూ ఇంతవరకూ అడగలేదు.

తర్వాత ఒంగోలు వెళ్ళాను. హాస్టల్లో నాతో చదివిన పిల్ల అక్కడ నర్సుగా చేసేది, తన గదిలో ఉండమంది. ఆదివారాలు నర్సులకి గోళ్ళు తీసేదాన్ని. వాళ్ళకి పెంచే వీలు లేదు, వార్డులో ఒప్పుకోరు. ఉన్న కొంచెంలోనే మొన గుండ్రంగా, చర్మం శుభ్రంగా చేసిపెడితే మురిసిపోయేవాళ్ళు. వాళ్ళ నోటి మాటతో టీచర్లు వచ్చారు. కొన్నాళ్ళకి ఒక ఇంటి ముందుగది అద్దెకి తీసుకుని బోర్డు పెట్టాను. మొదటి రోజు నుంచే మా ఊరి పేరు, మా పల్లె, అన్నీ అడక్కుండానే చెప్పేదాన్ని. ఇష్టమైతే కూర్చోండి, లేకపోతే తలుపు అటే ఉంది అని. కొంతమంది లేచి వెళ్ళారు. ఉన్నవాళ్ళతోనే నాకు తిండి గడిచింది. మెత్తగా చెప్పొచ్చు కదా అని నర్సు అనేది. నాకు మెత్తగా రాలేదు.

ఒకసారి ఎండాకాలంలో పొగాకు ఆకులు ఏరి వేరుచేసే గ్రేడింగు కంపెనీలో పనిచేసే ఆవిడ వచ్చింది. గుమ్మంలోనే నిలబడి, చేతులు కొంగులో దాచుకుని ఉంది. లోపలికి రమ్మంటే వచ్చింది గాని చెయ్యి చాపదు.

"మురికి చేతులమ్మా. నువ్వు పట్టుకుంటావా?" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆవిడ మీద కాదు. అది తెలియక ఆవిడ బిక్కచచ్చిపోయింది. "పట్టుకోకపోతే ఎందుకు కూర్చున్నానమ్మా ఇక్కడ? ఇటివ్వు" అని కొంగులోంచి చెయ్యి లాక్కున్నాను. పొగాకు జిగురు గోళ్ళ సందుల్లో నల్లగా పట్టేసి ఉంది. చాలాసేపు నానబెట్టి, నిమ్మచెక్కతో రుద్ది తీశాను. తుడిచాక ఎప్పటిలాగే చెప్పాను, పనికి అడ్డం రాకుండా కురచగా, గుండ్రంగా చేస్తానని.

"వద్దమ్మా" అంది. "సీజన్ అయిపోయింది. మళ్ళీ పిలిచేదాకా పని లేదు. సూదిగా పెట్టు."

"విరుగుతాయి."

"విరగనీ."

సూదిగానే పెట్టాను. ఎర్రరంగు కూడా తనే ఎంచుకుంది.