గేటు ముందు నిమ్మ మొక్కలు

నాగోల్ దాకా మెట్రో నడవడం మొదలైన మరుసటి ఏడాది, వానాకాలం ముగిసే రోజుల్లో ఉప్పల్‌కు ఉద్యాన అధికారిగా బదిలీ అయ్యాను. అప్పటికే అక్కడ తోటలు తక్కువ. మా పనిలో సగం మిద్దె తోటలవాళ్లకు సలహాలివ్వడమే.

మొదటి వారంలోనే సత్తెమ్మ వచ్చింది. నాచారం ఫ్యాక్టరీలకు దిగువన, నాలా పక్కన ఆమెకు జామతోట ఉంది. కొంగులోంచి ఆకులు తీసి నా బల్ల మీద పోసింది.

"జర సూడు సారూ. అంచులన్నీ మాడిపోతున్నయ్. పిందెలు నిలుస్తలేవు. ఎన్ని మందులు కొట్టినా గిట్లనే ఉంది."

తెగులైతే మచ్చలు ఆకు మీద ఎక్కడైనా లేస్తాయి. నీళ్లలో ఉప్పు ఎక్కువైతే ఆకు అంచు నుంచి లోపలికి మాడుతుంది. తోటకు వెళ్లి, ఆమె బావినీటితోనే సీసా కడిగి అదే నీరు పట్టాను. వేళ్లు పాకిన లోతు నుంచి మట్టి తీశాను. ల్యాబ్ రిపోర్టు వచ్చింది: లవణాలు మితిమీరాయి, ఈ నీరు తోటలకు పనికిరాదు.

ఎగువనున్న ఫ్యాక్టరీ వదిలే నీరు నాలాలో పారి, ఇంకి, ఆ బావిలో చేరేది. రిపోర్టు తీసుకెళితే మేనేజరు ప్రసాదరావు టీ ఇప్పించాడు. నవ్వుతూనే అడ్డం తిరిగే రకం.

"మేం శుద్ధి చేసే వదులుతామండీ. ఆ నీళ్లతో మొక్కలు పెంచుకోవచ్చు. ఆవిడ తోటకేదో తెగులు పట్టుంటుంది."

కాలుష్యం మీద చర్య తీసుకునే అధికారం మా శాఖకు లేదు. సంబంధిత శాఖకు రాసి ఊరుకోవాలి. రాశాను. ఊరుకోలేదు.

కొద్దిరోజులకు ప్రసాదరావే ఫోన్ చేశాడు. వాళ్ల పెద్దబాసు వస్తున్నాడట, ఆయనతో ఏం మొక్కలు నాటిస్తే బాగుంటుందని అడిగాడు.

"గేటు ముందు నిమ్మ నాటించండి. మీరు శుద్ధి చేసిన నీళ్లే పెట్టండి. ఆ సంగతి బోర్డు మీద రాయించండి, కంపెనీకి పేరొస్తుంది" అన్నాను గంభీరంగా. పండ్లమొక్కల్లో ఉప్పుకు తొందరగా లొంగేవాటిలో నిమ్మ ఒకటి. ఆ సంగతి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

బాసు నాటాడు, బోర్డు పెట్టారు, ఫొటోలు దిగారు. చలికాలం గడిచేసరికి నిమ్మలు అంచులు మాడి ఆకు రాల్చసాగాయి. బాసు మళ్లీ వస్తున్నాడు, అర్జెంటుగా మందు రాసివ్వమని ప్రసాదరావు ఫోన్.

సత్తెమ్మను వెంటబెట్టుకుని వెళ్లాను. బోర్డు పక్కనే ట్యాంకరు నిలబడి మొక్కలకు మంచినీళ్లు పోస్తోంది. సత్తెమ్మ ఒక ఆకు తిప్పి చూసింది.

"అయ్యో, మా జామలకొచ్చిన తెగులే సారూ. పాపం, గీ గేటుదాంక నడిసొచ్చింది." తర్వాత ట్యాంకరు చూపించింది. "గీ మందు మాకు గూడ పంపున్రి. మేం గూడ బోర్డు పెట్టుకుంటం, మీ పేరే రాస్తం."

ప్రసాదరావు నవ్వబోయి ఆగిపోయాడు. నీళ్లు మార్చడమే మందనీ, రెండు చోట్లా మార్చాలనీ చెప్పాను. బాసు బోర్డు సంగతి అడిగితే ఉన్నదున్నట్టు చెబుతానని కూడా అన్నాను.

శుద్ధి యంత్రాలకు మరమ్మతు జరిగింది. అది పూర్తయ్యేదాకా సత్తెమ్మ తోటకు ట్యాంకర్లు వెళ్లాయి. జిప్సం వేయించి, మంచినీళ్లతో నేలలోని ఉప్పు కడిగించాం. తర్వాతి వానలకు చాలా చెట్లు చిగురించాయి. బావి పక్క వరుస మాత్రం కోలుకోలేదు. దాన్ని కొట్టించిన రోజు సత్తెమ్మ ఒక్కో మొద్దునూ లెక్కపెట్టుకుంది.

నీటి మీద పేచీ వచ్చిన ప్రతిచోటా, ఆ నీళ్లు మంచివన్న మనిషి వాకిట్లోనే ముందుగా నిమ్మ నాటించాలని అప్పుడు నేర్చుకున్నాను. రిటైరయ్యేదాకా అదే పద్ధతి పాటించాను. రిపోర్టుతో చాలామంది వాదించారు గానీ, మాడిన నిమ్మ ముందు నిలబడి వాదించినవాళ్లు నాకు తగల్లేదు.