లోపలికి జరిగిన వరస

సెల్‌ఫోన్లు పల్లెల్లోకి కొత్తగా వస్తున్న రోజులవి. నేను రాజమండ్రిలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పనిచేసేదాన్ని. గోదావరి నీటిమట్టం మొదటి ప్రమాద హెచ్చరికకు చేరగానే నది మధ్యనున్న లంక గ్రామాల ఫోన్లకు మెసేజ్ పంపే ప్రోగ్రాం మేమే రాశాం. మొదటి మెసేజ్ అందగానే రైతులు పశువుల్ని గట్టు మీదికి తోలేసేవారు.

ఆ ప్రోగ్రాంలో ఒక వరస, అంటే ఒక లైను, ఎడమ అంచుకు ఎంత దూరంలో మొదలవుతుందో దాన్నిబట్టి అర్థం మారిపోతుంది. ఒకరోజు మా సీనియర్ మూర్తిగారు అందులో ఒక ఫోన్ నంబరు మార్చి సేవ్ చేశారు. ప్రోగ్రాంలు రాసుకోవడానికి కొత్తగా పెట్టుకున్న ఎడిటర్ వరసలన్నీ దానంతట అదే సర్దేసింది.

"చూడండమ్మా, ఎంత నీటుగా ఉందో!" అని ఆయన మురిసిపోయారు. మెసేజ్ పంపే వరస కాస్త లోపలికి జరిగి, రెండో ప్రమాద హెచ్చరిక కిందికి వెళ్ళిపోయిందని, ఇక మొదటి హెచ్చరికకు మెసేజ్ పోదని మాలో ఎవరూ గమనించలేదు.

వరద వచ్చిన ఉదయం లంకలో ఉండే మా బాబాయి ఫోన్ చేశాడు. "ఏంటమ్మా, మెసేజే రాలేదు? నీళ్ళు వాకిట్లోకొచ్చేశాయి!"

మేము తప్పు పట్టుకునేసరికే, గేదెల్ని విప్పడానికి వెళ్ళిన బాబాయి పక్కింటి సత్యవతిగారు కొట్టుకుపోయారు.

కర్మలయ్యాక ఆవిడ భర్త మా ఆఫీసుకు వచ్చి, అసలేం జరిగిందని అడిగారు. మూర్తిగారు తలెత్తలేదు. ఒక వరస ముందు ఖాళీ కాస్త పెరిగిందని నేనే చెప్పాను.

"ఖాళీ అంటే ఏమీ లేకపోవడమే కదమ్మా? దానికే మనిషి పోద్దా?" అన్నారాయన.

నేను తెర మీద ఆ వరసను చూపించాను. ఆయన చూసి వెళ్ళిపోయారు. ఇప్పటికీ తెర మీద ఏదైనా మరీ నీటుగా కనిపిస్తే నాకు భయమేస్తుంది.